స్కూటర్ మనుషులు, పడవ మోటారు

మా కాలనీకి ఒక పడవ ఉంది. నవ్వేవాళ్ళు నవ్వండి. దిల్‌సుఖ్‌నగర్‌లో ఆటో ఎక్కి "పడవ కాలనీ" అంటే ఆటో అతను కూడా నవ్వుతాడు గానీ, సరిగ్గా మా వీధి మొదట్లోనే దింపుతాడు. సరూర్‌నగర్ చెరువు నిండిందంటే ఆ నీళ్ళు మొదట తొక్కేది మా గడపే. చెరువు కింద ప్లాట్లు కొట్టి అమ్మినవాడు ఏ ఎత్తు మీదో ఇల్లు కట్టుకుని హాయిగా ఉంటాడు. వాణ్ణి తిట్టడం నాకు రోజువారీ పని, అది అలా ఉంచండి. ఇక్కడ నేను చెప్పబోయేది ఆ పడవకున్న మోటారు గురించి, దాని చుట్టూ చేరి నా ప్రాణం తీసిన మగవాళ్ళ గురించి.

మా ఆయనకు రెండు కిడ్నీలూ చెడిపోయాయి. రోజు విడిచి రోజు చైతన్యపురి మెయిన్ రోడ్డు మీదున్న డయాలసిస్ సెంటరుకు పోవాలి. ఒకసారి తప్పితే కాళ్ళు ఉబ్బుతాయి. ఇంకా ఆలస్యమైతే నీరు ఊపిరితిత్తుల్లోకి చేరి, పడుకుంటే ఊపిరాడక కూర్చునే తెల్లవారుస్తాడు. పడవ కొనడానికి ముందటి వానాకాలంలో సరిగ్గా ఆయన పోవాల్సిన రోజే వీధి మునిగింది. బయట నడుము లోతు నీళ్ళు, లోపల ఆయన ఒంట్లో నీళ్ళు. ఆ రోజు పోలేకపోయాం. మర్నాటికి ఆయన పెదాలు నల్లబడ్డాయి. చివరికి ఎవరో జేసీబీ తెప్పిస్తే, మట్టి ఎత్తే దాని తొట్టిలో మనిషిని కూర్చోబెట్టి తీసుకుపోయాం. కాలనీ అంతా బాల్కనీల్లో నిలబడి చూసింది. కొందరు ఫోన్లలో వీడియోలు కూడా తీశారు. ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే చుట్టకు నిప్పడిగినట్టు!

ఆ తొట్టిలో ఆయన పక్కనే నేనూ కూర్చున్నాను. అప్పుడు ఆయన ఒక మాట అన్నాడు. "ఎన్ని దినాలే గిట్ల? ఇడిసిపెట్టుండ్రి నన్ను. పోతే పోత."

ఆ మాటకు నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. మనిషి ఊపిరాడక ఉన్నాడని నోరు మూసుకున్నాను గానీ, ఆ రోజు మింగిన కోపం ఇప్పటికీ అరగలేదు. నేను ఆయన్ను బతికించాలని ఊరంతా తిరుగుతుంటే, ఆయన పోతానంటాడా? తర్వాత కూడా డయాలసిస్‌కు ఎట్లా పోయేవాడంటే, ఎవరి పని మీదో పోతున్నట్టు పోయేవాడు. నేను చెప్పులు అందించాలి, నేను ఆటో పిలవాలి, నేను లోపల పడుకోబెట్టాలి. ఆయన మాత్రం నిమ్మకు నీరెత్తినట్టు వచ్చేవాడు.

పడవ కొనాలన్నది నా పోరే. ఇంటింటికీ పోయి పోరాను. ఎక్కడో చెరువులో బోటింగ్ మూసేస్తే అక్కడి చిన్న ఫైబర్ పడవ, దాని వెనక తగిలించే పెట్రోలు మోటారు మా అసోసియేషన్‌కు దొరికాయి. పడవను కమ్యూనిటీ హాలు వరండాలో బోర్లించారు. మోటారును ఆఫీసు గదిలో చెక్క స్టాండుకు బిగించారు. దసరాకు పూజ కూడా ఘనంగా చేశారు. మోటారు ఒంటి నిండా గంధం పూసి, కుంకుమ బొట్లు పెట్టి, నిమ్మకాయ కట్టి, గుమ్మడికాయ కొట్టారు. ప్రతి ఆదివారం పొద్దున్నే వరండాలో నీళ్ళ డ్రమ్ముకు మోటారు తగిలించి, స్టార్ట్ చేసి చూడాలని తీర్మానం. ఇంతవరకు అంతా బాగానే ఉంది.

బాగా లేనిదల్లా ఒక్కటే. పొద్దున మొదటిసారి ఆ మోటారు లేచేది కాదు.

చలికాలం మొదలైనప్పటి నుంచి ఇదే తంతు. తాడు పట్టి లాగుతారు, ఉలకదు. చోక్ పెట్టి లాగుతారు, ఒకసారి దగ్గి ఊరుకుంటుంది. మా కాలనీ ప్రెసిడెంటు, ఏదో ఆఫీసులో పెద్ద ఉద్యోగం చేసి రిటైరైన మనిషి, స్వెట్టరు విప్పి లాగేవాడు. ఆయన అలిసిపోతే ట్రెజరర్ లాగేవాడు. ఆయన విజయవాడ వైపు నుంచి వచ్చి ఇక్కడ ఇల్లు కట్టుకున్న మనిషి. ఇద్దరికీ భుజాలు పట్టేసేవి. ఛాయ్ తెప్పించుకుని కూర్చునేవాళ్ళు. పొద్దెక్కాక మళ్ళీ లాగితే, బుసబుసా పొగ కక్కుకుంటూ లేచేది. అందరూ చప్పట్లు.

"చలి ఇంజన్ అమ్మా గది. జర ఎండ రానియ్యాలె," అన్నాడు ప్రెసిడెంటు ఒక ఆదివారం.

"చెరువు ఎండొచ్చేదాక ఆగుతదా సారూ?" అన్నాను.

"మీరు ఊరికే కంగారు పడుతున్నారు వదినగారూ," అన్నాడు ట్రెజరర్. "మెషిన్ అన్నాక కొంచెం టైం తీసుకుంటుంది కదండీ."

కంగారట! నీళ్ళు వచ్చిన రోజు ఎండ రాదు. అందరి ఇళ్ళల్లో మేడ మీది గది ఉంది, గ్యాస్ సిలిండర్ ఉంది, ఆ గదిలో రెండు రోజులు కూర్చుని పకోడీలు తినవచ్చు. మా ఆయనకు ఆ వీలు లేదు. ఆ ముక్క చెప్పాను. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టయింది.

నాకు ఇంజన్లు కొత్త కాదు. నల్లగొండ దగ్గర మా అమ్మగారి ఊళ్ళో, కరెంటు రాకముందు బావి మీద పెట్రోలు పోసి లేపి కిరసనాయిలు మీద నడిపే ఇంజన్ ఉండేది. మా నాయిన పొలంలో ఉంటే తాడు చుట్టి లాగేది నేనే. తాడు ఊరికే గుంజకూడదు. ముందు మెల్లగా లాగితే ఒకచోట బిగుసుకుంటుంది, అక్కడి నుంచి ఒక్క ఊపు. ఇక్కడ వీళ్ళు ఆవును పలుపు తాడుతో గుంజినట్టు గుంజుతుంటే చూడలేకపోయాను. "జరగండ్రి" అని నేనే లాగాను. నాకూ లేవలేదు. అది చూసి ఇద్దరికీ ఎంత సంతోషమో!

అప్పటి నుంచి దాని వెంట పడ్డాను. మొదట పెట్రోలు మీద అనుమానం వచ్చింది, ట్యాంకులో నెలల తరబడి మురిగింది కదా. పాతది పారబోయించి కొత్తది పోయించాను. లేవలేదు. ట్యాంకు మూతకు గాలి ఆడే మర ఉంటుంది, అది బిగిస్తే పెట్రోలు దిగదు. చూశాను, వదులుగానే ఉంది. పైపు మధ్యలో రబ్బరు ఉండ ఉంటుంది, అది గట్టిపడేదాకా పిసికితే పెట్రోలు పైకి ఎక్కుతుంది. పిసికాను, గట్టిపడింది. ఆపడానికి ఒక ఎర్ర క్లిప్పు ఉంటుంది, అది ఊడితే ఎంత లాగినా దండగే. ఊడలేదు. కొత్త ప్లగ్గు వేయించాను. ఆ ఆదివారం కూడా అదే దగ్గు, అదే ఛాయ్, అదే ఎండ.

నాకు పిచ్చెక్కింది. ఆ కొత్త ప్లగ్గే విప్పి చూశాను. తడిగా ఉంది. వాసన చూస్తే పెట్రోలు కాదు. వేళ్ళతో రుద్దితే జిడ్డు. ఆయిలు. ఇంజన్ అడుగున ఉండాల్సిన ఆయిలు పైన ప్లగ్గు దాకా ఎట్లా వచ్చింది? ఇది పెట్రోల్లో ఆయిలు కలిపే రకం కూడా కాదు. దీని ఆయిలు దీని కడుపులోనే వేరుగా ఉంటుంది. కొత్త మోటారేమీ కాదు గానీ, అరిగిపోయి ఆయిలు పైకి ఎక్కించే ఇంజనైతే ఎండొచ్చాక మాత్రం ఎందుకు అంత బాగా నడుస్తుంది?

"లాగే ముందట దీన్ని ఏం చేస్తున్నరు మీరు?" అని అడిగాను.

"ఏం చేస్తలేం," అన్నాడు ప్రెసిడెంటు.

"ఏమీ చేయట్లేదండీ, తెచ్చి తగిలించడమే," అన్నాడు ట్రెజరర్.

మా ఆయన్నూ అడిగాను, ఇంట్లో. ఈ ఆదివారాల సంబరానికి ఆయనా పోయేవాడు. డయాలసిస్ సెంటరుకు కాళ్ళీడ్చే మనిషి, మోటారు దగ్గరికి మాత్రం మఫ్లరు చుట్టుకుని నాకంటే ముందే పోయేవాడు. "ఏం చేస్తరు? ఏం చేయరు," అన్నాడు ఆయన కూడా.

ముగ్గురూ అబద్ధం చెప్పలేదు. అదే నాకు ఇప్పటికీ కడుపు మంట.

తర్వాతి ఆదివారం నేను ఇడ్లీ పొయ్యి మీద పెట్టకుండా, ఆయన వెనకే పోయాను. మంచు కురుస్తోంది. ఆఫీసు గది తలుపు తీసి ఉంది. లోపల ముగ్గురు మగవాళ్ళు, మోటారును స్టాండు మీద నుంచి విప్పి, నేల మీద గోనెసంచి పరిచి, పక్కకు పడుకోబెట్టి పట్టుకుని ఉన్నారు. మా ఆయన, డయాలసిస్ సూదులు గుచ్చని కుడి చెయ్యి దాని మీద ఆనించి, "జర ఆగుండ్రి, దిగనియ్యుండ్రి," అంటున్నాడు.

చూడగానే తెలిసిపోయింది. స్కూటర్!

ఆ కాలం స్కూటర్ ఇంట్లో ఉన్న ఏ ఆడదాన్ని అడిగినా చెప్తుంది. పొద్దున స్కూటర్ స్టార్ట్ కాకపోతే మగవాడు దాన్ని తన వైపు వంచి, కాసేపు అలాగే పట్టుకుని, నిలబెట్టి కిక్కు కొట్టేవాడు. పెట్రోలు దిగుతుందని. మా ఆయన ముప్పై ఏళ్ళు ఆటోనగర్‌కు స్కూటర్ మీదే పోయాడు. ప్రెసిడెంటుకూ ఒకటి ఉండేది, ట్రెజరర్‌కూ ఉండేది. వీళ్ళకు అది ఒక పని కాదు. లుంగీ ఎగగట్టుకున్నట్టు, మాట్లాడే ముందు గొంతు సవరించుకున్నట్టు. అందుకే అడిగితే ఏం చేయట్లేదన్నారు. మోటారును వంచితే పెట్రోలు దిగడం ఏమో గానీ, కడుపులో ఉన్న ఆయిలంతా తల మీదికి పారి, ప్లగ్గు తడిసి చస్తోంది. లాగీ లాగీ ఆ ఆయిలు కొంత కిందికి జారి, కొంత కాలి, పొద్దెక్కేసరికి లేస్తోంది. పేరేమో సూర్యుడికి!

"బుద్ధుందా మీకు?" అన్నాను. నా గొంతుకు వాచ్‌మన్ కూడా పరిగెత్తుకొచ్చాడు. "ఇది స్కూటరా? పక్కకు పండవెట్టుడేంది?"

"అరే, వంచితే పెట్రోల్ దిగుతదే," అన్నాడు మా ఆయన. "నీకెట్ల ఎరుకైతది?"

"పెట్రోల్ కాదు దిగేది, ఆయిల్! ప్లగ్గు వాసన చూసినవా ఒక్కనాడన్న?"

"ముప్పై ఏండ్లు నడిపిన నేను."

"స్కూటర్ నడిపినవు! పడవ ఎన్నడు నడిపినవు?"

మోటారు ఒంటికి ఒక పక్క చిన్న స్టిక్కరు ఉంటుంది, దాన్ని పడుకోబెట్టాల్సి వస్తే ఏ వైపు పడుకోబెట్టాలో, ఏ వైపు వద్దో బొమ్మ వేసి మరీ. నా కొంగుతో గంధం తుడిచి ఆ బొమ్మ చూపించాను. దసరా నాడు సరిగ్గా దాని మీదే ఇంత మందాన గంధం పూసి, పైన కుంకుమ పెట్టారు మహానుభావులు. వాళ్ళు వంచుతున్నది వద్దన్న వైపే. ప్రెసిడెంటు కళ్ళజోడు తీసి చూశాడు, మళ్ళీ పెట్టుకుని చూశాడు. "బొమ్మ చిన్నగుంది," అన్నాడు. మా ఆయన అటు చూడను కూడా లేదు. నలుగురిలో పరువు తీశానని మఫ్లరు సర్దుకుని ఇంటికి వెళ్ళిపోయాడు. మూడు పూటలూ నాతో మాట్లాడలేదు. మాట్లాడకపోతే నాకేం? నేనూ మాట్లాడలేదు.

మరుసటి ఆదివారం నేను కాపలా నిలబడి మోటారును నిలువునే మోయించాను. మూతకు గాలి, పైపుకు ఉండ, చోక్. మొదట మెల్లగా, తర్వాత ఒక్క ఊపు. రెండో లాగుకే లేచింది. మంచులో, చలిలో, సూర్యుడు ఇంకా మొహం కడుక్కోకముందే.

"ఇయ్యాల చలి తక్కువున్నది," అన్నాడు ప్రెసిడెంటు.

ఆ మనిషిని అక్కడే డ్రమ్ములో ముంచాలనిపించింది.

ఆఫీసు గది తాళం నాకివ్వమన్నాను. ఆఫీసు తాళం ఆఫీస్ బేరర్ల దగ్గరే ఉండాలట, రూలట. నేను లేని వారం మళ్ళీ వంచేవాళ్ళు. నాకు వాచ్‌మన్ చెప్పేవాడు. వంచిన వారం లేచేది కాదు, వంచని వారం లేచేది. ఇంత కళ్ళ ముందు కనబడుతున్నా నమ్మరు. నమ్మితే నేను చెప్పింది ఒప్పుకున్నట్టు అవుతుంది కదా! ఇంట్లో ఈయనతో ఆ మాట ఎత్తితే గోడ వైపు తిరిగి పడుకునేవాడు. నీకోసమేనయ్యా ఈ గోలంతా అంటే, "నిన్నెవరు జెయ్యమన్నరు?" అన్నాడు ఒకసారి. ఆ పూట అన్నం గిన్నె ఆయన ముందు ఎంత గట్టిగా పెట్టానో, గిన్నెకు ఇంకా సొట్ట ఉంది.

ఎండాకాలం గడిచింది. వానలొచ్చాయి. ఒక రాత్రంతా కురిసి, తెల్లవారేసరికి మా గేటు సగం మునిగింది. అది ఆయన డయాలసిస్‌కు పోవాల్సిన రోజు. ముందు రోజు సాయంత్రం నుంచే కాళ్ళు ఉబ్బి ఉన్నాయి. నేను లేచి చూస్తే మంచం మీద మనిషి లేడు.

బాత్రూమ్‌లో లేడు. మేడ మీద లేడు. మెట్ల దగ్గర ఆయన చెప్పులు తేలుతున్నాయి. "పోతే పోత" అన్న మనిషి! ఆ నీళ్ళలో ఎటు చూడాలో తెలియక, చీర ఎగదోపి, గోడలు పట్టుకుంటూ నడిచాను. వీధిలో జనం బాల్కనీల్లోకి వచ్చారు. మా ఆయన్ను చూశారా అంటే ఒకాయన కమ్యూనిటీ హాలు వైపు చెయ్యి చూపించాడు.

హాలు అరుగు మీదికి ఇంకా నీళ్ళు ఎక్కలేదు. ఆఫీసు గది లోపల మా ఆయన ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఉన్నాడు. బట్టలు నడుము దాకా తడిసి ఉన్నాయి. సూదులు గుచ్చే ఎడమ చేతికి పాల ప్యాకెట్ల కవరు చుట్టుకుని, దారం కట్టుకున్నాడు. కుడి చెయ్యి మోటారు మెడ చుట్టూ వేసి ఉంది. మోటారు స్టాండు మీద నిలువుగా ఉంది. ఎదురుగా ప్రెసిడెంటు, ట్రెజరర్.

"ఒక్కసారి వంచుదాం అన్నా, చలికి లేవదు," అంటున్నాడు ప్రెసిడెంటు.

"చెయ్యి పెట్టకుండ్రి," అన్నాడు మా ఆయన. ఆయాసంతో మాట తెగిపోతోంది. "మా ఇంటామె వస్తది. ఆమెనే లేపుతది. అప్పటిదాక ఎవలు ముట్టొద్దు దీన్ని."

నన్ను చూసి ప్రెసిడెంటు పక్కకు జరిగాడు. తిట్టడానికి నాకు ఊపిరి లేదు. పడవ దింపించాను, మోటారును పసిబిడ్డను ఎత్తినట్టు నిలువుగా ఎత్తించి, వెనక బిగించాను. మూత వదులు చేశాను. ఉండ పిసికాను. చోక్ లాగాను. తాడు బిగుసుకునేదాకా మెల్లగా, తర్వాత నా కోపమంతా పెట్టి ఒక్క ఊపు. దగ్గింది. ఇంకొక్కటి. లేచింది. పక్కనుంచి ఇంజన్‌ను చల్లబరిచే నీళ్ళ ధార సన్నగా చిమ్మింది.

ట్రెజరర్ మోటారు పట్టుకున్నాడు. మేమిద్దరం ముందు బల్ల మీద కూర్చున్నాం. అప్పుడు మొదలుపెట్టాను.

"ఏమయ్యా, ఆ నీళ్ళల్ల డ్రైనేజీ ఉంటది, పాములుంటయి. ఆ చేతికి తగిలితే ఏమైతదో ఎరుకేనా? నాకు చెప్పకుండ ఎందుకొచ్చినవు?"

"నువ్వు లేచేలోపల వీళ్ళు వంచుతరని."

"వంచితే వంచనీ! పోతే పోతనన్నవు గద?"

ఆయన ఎడమ చేతి కవరు సర్దుకున్నాడు.

"అప్పుడు తొట్టిల గూసోవెట్టిండ్రు," అన్నాడు. "అందరు చూస్తుండ్రి. సిగ్గైంది. సిగ్గుతోని అన్న ఆ మాట. నాకు సావాలని ఎన్నడు లేకుండె."

నాకు వచ్చిన కోపం ఇంతా అంతా కాదు. ఆ ముక్క ఏడాది కింద నోరు తెరిచి చెప్తే ఏం పోయింది? ఏడాది పాటు ఈ మనిషిని నేనొక్కదాన్నే బతికిస్తున్నాననుకున్నాను. ఈయనకు అక్కర లేదు, నాకే ఉందనుకుని ఏడ్చిన రోజులున్నాయి. ఈయనేమో నాకు చెప్పకుండా, ప్రతి ఆదివారం మంచులో మఫ్లరు చుట్టుకుని పోయి, బతకడానికి తనకు తెలిసిన ఒకే ఒక్క పని చేస్తున్నాడు. అదీ తప్పు వైపుకు వంచి!

మెయిన్ రోడ్డు వచ్చేదాకా తిట్టాను. మోటారు చప్పుడులో సగం వినబడి ఉండదు. పడవ ఆగాక దిగడానికి ఆయన నా వైపు చెయ్యి చాచాడు. కోపంగానే పట్టుకున్నాను.